పసరు కూడా మందే: చీటీ మీదికి ఎక్కించండి

నిజామాబాద్ జిల్లా వాళ్లకు పసుపు గురించి ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆర్మూరు, బాల్కొండ చేలల్లో తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి మార్కెట్ యార్డుకు తెచ్చే కొమ్ముల వాసన మాకు ఊహ తెలిసినప్పటి నుంచి తెలుసు. దెబ్బ తగిలితే పసుపు, గొంతు నొస్తే పసుపు పాలు, పెళ్లయితే పసుపు. కేంద్ర ప్రభుత్వం 2023 అక్టోబరులో జాతీయ పసుపు బోర్డును నోటిఫై చేసి, 2025 జనవరి 14న, సంక్రాంతి పూట, నిజామాబాద్ కేంద్రంగా దాన్ని మొదలుపెట్టింది. పసుపులోని ఔషధ గుణాల మీద పరిశోధనను ప్రోత్సహించడం కూడా ఆ బోర్డు పనుల్లో ఒకటి. మా ప్రాంతానికి అది గర్వకారణం. ఆ పసుపు గురించే ఒక జాగ్రత్త చెప్పాలని ఇది రాస్తున్నాను.

నేను ఫార్మసిస్టును. బోధన్‌లో మందుల దుకాణం నడుపుతాను. మా నాయన శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ కార్మికుడు. 1937లో మొదలైన ఆ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందింది. 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు గానుగ పట్టిన చేతులు ఇప్పుడు మందుల చీటీలు పట్టుకొని నా కౌంటర్ ముందుకు వస్తున్నాయి. గుండెకు స్టెంటు వేయించుకున్నవాళ్లు, కవాటం మార్పించుకున్నవాళ్లు, పక్షవాతం నుంచి తేరుకున్నవాళ్లు, కాలి నరాల్లో గడ్డ కట్టినవాళ్లు. వీళ్లందరి చీటీల్లోనూ రక్తం పలచబరిచే గోలీ ఒకటైనా ఉంటుంది. చాలామంది సంచిలో దానితోపాటు ఒక కషాయం సీసానో, పొడి పొట్లమో, హకీం సాబ్ ఇచ్చిన మాజూన్ డబ్బానో కూడా ఉంటుంది. చీటీ మీద మాత్రం అవి ఉండవు. నా బెంగంతా దాని గురించే.

రెండు దారులు, మూడు రకాల గోలీలు

రక్తం పలచబరిచే మందు అని అంటాం గానీ, ఈ గోలీలు రక్తాన్ని నీళ్లలా చేయవు. గడ్డకట్టే గుణాన్ని తగ్గిస్తాయి. వేలు తెగితే మన ఒంట్లో రెండు పనులు జరుగుతాయి. ముందు ప్లేట్‌లెట్లు అనే సన్నని కణాలు తెగిన చోట ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆ వెనకే కాలేయం తయారుచేసి రక్తంలోకి వదిలిన ప్రొటీన్లు ఒకదాన్నొకటి మేల్కొలిపి గట్టి వల అల్లుతాయి. ఆ ప్రొటీన్లలో నాలుగు ముఖ్యమైనవాటి తయారీకి విటమిన్ కె కావాలి.

స్టెంటు వేసినవాళ్లకు ఇచ్చే ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ మొదటి పనిని ఆపుతాయి, అంటే ప్లేట్‌లెట్లను అతుక్కోనివ్వవు. ఆసిట్రోమ్, వార్ఫరిన్ రెండో పనిని తగ్గిస్తాయి, విటమిన్ కె చేసే సాయాన్ని అడ్డుకుంటాయి. డాబిగాట్రాన్, రివరాక్సబాన్, అపిక్సబాన్ అనే కొత్త తరం గోలీలు విటమిన్ కె జోలికి పోకుండా ఆ వల అల్లే ప్రొటీన్లలో ఒకదాన్ని నేరుగా పట్టుకుంటాయి. కొత్తవి వచ్చాయి కదా అని అందరికీ అవి ఇవ్వరు. లోహంతో చేసిన కృత్రిమ కవాటం పెట్టించుకున్నవాళ్లకు ఇప్పటికీ ఆసిట్రోమ్, వార్ఫరినే దిక్కు. మన పల్లెల్లో చిన్నప్పుడు గొంతు నొప్పి వచ్చి, అది కీళ్ల జ్వరంగా మారి, గుండె కవాటాలు చెడిపోయినవాళ్లు ఇంకా ఉన్నారు. ఆరోగ్యశ్రీలో హైదరాబాద్ వెళ్లి లోహపు కవాటం పెట్టించుకొని వచ్చినవాళ్లు బతికినన్నాళ్లూ ఈ గోలీ వేసుకోవాల్సిందే.

ఆసిట్రోమ్, వార్ఫరిన్ వాడేవాళ్లు రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష ఎప్పటికప్పుడు చేయించుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లలో తెచ్చిన ఈ లెక్క వల్ల బోధన్‌లో చేసినా బోస్టన్‌లో చేసినా ఫలితాన్ని పోల్చుకోవచ్చు. ఏ మందూ వాడని మనిషికి అది 1 దగ్గర ఉంటుంది. గుండె లయ తప్పినవాళ్లకు, కాలి నరాల్లో గడ్డకట్టినవాళ్లకు సాధారణంగా 2 నుంచి 3 మధ్య, మైట్రల్ అనే గుండె కవాటం తీసి లోహపుది పెట్టినవాళ్లకు 2.5 నుంచి 3.5 మధ్య ఉండేలా డాక్టర్లు చూస్తారు. నిజాంసాగర్ కాలువ కింద చెరకు పండించే రైతుకు తూము సంగతి తెలుసు. ఎక్కువ ఎత్తితే గట్టు తెగుతుంది, తక్కువ ఎత్తితే చివరి మడి ఎండుతుంది. ఐఎన్ఆర్ కూడా అంతే. 4 దాటి పెరిగేకొద్దీ రక్తస్రావం భయం, 2 కంటే తగ్గితే గడ్డకట్టే భయం. ఆసిట్రోమ్ ఒక్క మిల్లీగ్రాము తేడాతోనే ఆ అంకె మారుతుంది. ఇంత సన్నని హద్దులో నడిచే మందు పక్కన ఇంకోటి ఏది చేరినా లెక్కలోకి రావాల్సిందే.

ఈ గోలీ పుట్టింది గడ్డిలోంచే

“ఇది చెట్ల మందమ్మా, దీనికి సైడ్ ఎఫెక్ట్ ఉండదు” అని చాలామంది నాతో అంటారు. వాళ్లకు నేను వార్ఫరిన్ కథ చెబుతాను.

1920లలో అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో, కెనడాలో ఆవులు, కోడెలు ఉన్నట్టుండి రక్తం కారి చనిపోయేవి. కొమ్ము కోసినా, చిన్న గాయమైనా రక్తం ఆగేది కాదు. స్వీట్ క్లోవర్ అనే మేత తడిసి బూజు పట్టాక పశువులకు వేయడమే కారణమని ఫ్రాంక్ స్కోఫీల్డ్ అనే పశువైద్యుడు కనిపెట్టాడు. 1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎడ్ కార్ల్‌సన్ అనే రైతు చచ్చిన పెయ్యను, ఒక డబ్బా నిండా గడ్డకట్టని రక్తాన్ని, బూజు పట్టిన గడ్డి మోపును బండిలో వేసుకొని, మంచు తుఫానులో దాదాపు 300 కిలోమీటర్లు వచ్చి విశ్వవిద్యాలయంలో కార్ల్ లింక్ అనే రసాయన శాస్త్రవేత్త ముందు పెట్టాడు. ఆ గడ్డిలో ఏముందో తేల్చడానికి లింక్ బృందానికి ఆరేళ్లు పట్టింది. గడ్డిలో సహజంగా ఉండే కూమరిన్ బూజు వల్ల డైకూమరాల్‌గా మారుతోందని 1939లో దాన్ని విడదీసి చూపారు. దాని బాటలోనే తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా మార్కెట్లోకి వచ్చింది. 1954లో మనుషులకు వాడేందుకు అనుమతి దొరికింది. మరుసటి ఏడు గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు కూడా ఇచ్చారు. మన దగ్గర ఎక్కువగా వాడే ఆసిట్రోమ్ ఆ కుటుంబంలోదే. ఇక ఎకోస్ప్రిన్‌లో ఉండే ఆస్పిరిన్ మూలం విల్లో చెట్టు బెరడు.

అంటే పశువును చంపిందీ మొక్కే, మనిషిని బతికించిందీ మొక్కలోని పదార్థమే. తేడా అంతా మోతాదులో ఉంది, కొలిచి ఇవ్వడంలో ఉంది. చెట్ల మందుకు బలం లేదని అనేవాళ్లతో నేను ఏకీభవించను. బలముందని నమ్మేవాళ్లను మాత్రం ఒక్కటే అడుగుతాను. మోకాళ్ల నొప్పి తగ్గించే శక్తి ఆ పొడికి ఉందని నమ్మే కదా తాగుతున్నారు? అంత శక్తి ఉన్న వస్తువు రక్తంలోకి పోయి ఊరికే కూర్చుంటుందని ఎలా అనుకుంటాం?

“అవి కూడ మందులేనా బిడ్డా?”

మొన్న చెరకు నరికే కాలంలో సాలూర వైపు పల్లె నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. కవాటం ఆపరేషన్ అయిన మనిషి. దుకాణంలో గిరాకీ లేని వేళ దగ్గరగా నిలబడితే ఆమె ఛాతీలోంచి లోహపు కవాటం టిక్కుటిక్కుమనడం వినపడుతుంది. నిజామాబాద్ ఖలీల్‌వాడిలో పరీక్ష చేయించుకున్న కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. ఐఎన్ఆర్ 5.9 ఉంది. అంతకుముందు నెల 2.8. మోచేతి దగ్గర అరచేయంత నీలం మచ్చ.

“గోలీలు ఏళకు వేసుకుంటున్నవా పెద్దమ్మా?” అంటే, “ఒక్క పూట తప్పలే బిడ్డా” అంది. డబ్బా తీసి లెక్కపెట్టాను. నిజమే, ఎక్కువా వేసుకోలేదు, తక్కువా వేసుకోలేదు.

“కొత్తగా ఏమన్న మందు వాడుతున్నవా?”

“ఏం లేదు.”

“పసరు, పొడి, కషాయం అసొంటివి?”

“అవి కూడ మందులేనా బిడ్డా? మోకాళ్లు నొస్తున్నయంటే మా కొడుకు అంగట్లకెళ్లి పొడి తెచ్చిండు. పొద్దుమాపు పాలల్ల ఏసుకొని తాగుతున్న. మంచిగనే అయింది, ఇప్పుడు మెట్లు ఎక్కుతున్న.”

కొంగుముడి విప్పి పొట్లం చూపించింది. బూడిద రంగు పొడి, శొంఠి వాసన. పేరు లేదు, తయారుచేసినవాళ్ల చిరునామా లేదు, తేదీ లేదు. నేను అక్కడే ఆమె డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన వెంటనే పంపమన్నారు. పొడి మాన్పించి, గోలీ ఎప్పుడు ఆపాలో ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో రాసిచ్చి, వరసగా పరీక్షలు చేయించారు. కొన్ని వారాలకు అంకె దారిలో పడింది. మోకాళ్ల నొప్పికి ఆమెకు సరిపడే వేరే మందు కూడా రాశారు. ఆ మాట ముఖ్యం. నొప్పికి దారి చూపకుండా పొడి మానెయ్యమంటే ఏ తల్లీ మానదు.

ఆ పొట్లంలో ఏముందో పరీక్ష చేసే వీలు నాకు లేదు. అయితే వెంటనే గుణం చూపించే ఇలాంటి నొప్పుల పొడుల్లో డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు, స్టెరాయిడ్లు నూరి కలిపిన ఉదంతాలు దేశంలో చాలాచోట్ల బయటపడ్డాయి. డైక్లోఫెనాక్ కడుపు లోపలి పొరను దెబ్బతీస్తుంది, ప్లేట్‌లెట్ల పనినీ తగ్గిస్తుంది. ఆసిట్రోమ్ మీద అది పడితే కడుపులో రక్తస్రావానికి దారి తెరిచినట్టే. మూలిక పేరుతో లోపలికి పోయేది మూలికేనని ముద్ర లేని పొట్లం మీద ఎవరూ హామీ ఇవ్వలేరు.

వంటింటి పసుపు, సీసాలోని పసుపు

ఇక పసుపు సంగతి. కూరలో వేసే చిటికెడు పసుపు, అప్పుడప్పుడు తాగే పసుపు పాలు చూసి గోలీలు వాడేవాళ్లు భయపడనక్కర్లేదు. మన ఐఎన్ఆర్ ఆ వంట తింటుండగానే కుదిరింది. పేచీ సీసాలతో వస్తుంది. డాలస్ నుంచి, న్యూజెర్సీ నుంచి పిల్లలు అమ్మానాన్నలకు ప్రేమతో పంపే కర్క్యుమిన్ క్యాప్సూల్స్ ఇప్పుడు పల్లెలకూ చేరాయి. ఆన్‌లైన్‌లోనూ దొరుకుతున్నాయి.

లెక్క చూద్దాం. పసుపు కొమ్ములో కర్క్యుమిన్ సాధారణంగా 2 నుంచి 5 శాతం. 500 మి.గ్రా. క్యాప్సూల్‌లో 95 శాతం కర్క్యుమిన్ అని రాసి ఉంటే, అందులో 475 మి.గ్రా. ఉన్నట్టు. 3 శాతం ఉండే పసుపు నుంచి అంత రావాలంటే దాదాపు 16 గ్రాములు, అంటే అయిదు టీస్పూన్ల పసుపు కావాలి. రోజుకు రెండు వేసుకుంటే పది టీస్పూన్లు. అంత పసుపు ఏ కూరలోనూ ఏ అత్తా ఏ కోడలూ వేయదు.

అంతటితో అయిపోలేదు. కర్క్యుమిన్ మామూలుగా పేగుల నుంచి రక్తంలోకి సరిగా ఎక్కదు. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మి.గ్రా. పైపెరిన్, అంటే మిరియాల సారం, కలిపి ఇస్తే రక్తంలోకి చేరే వాటా 2,000 శాతం పెరిగిందని చూపించారు. ఆనాటి నుంచి చాలా కంపెనీలు క్యాప్సూల్‌లో మిరియాల సారం కలుపుతున్నాయి. కర్క్యుమిన్ ప్లేట్‌లెట్లను అతుక్కోనివ్వదని ప్రయోగశాలల్లో తేలింది. పైపెరిన్ కాలేయంలో మందులను విరగ్గొట్టే ఎంజైముల పనిని మందగింపజేస్తుంది. 2018లో న్యూజిలాండ్ ఔషధ భద్రతా సంస్థ మెడ్‌సేఫ్ ఒక హెచ్చరిక వెలువరించింది. వార్ఫరిన్ మీద నిలకడగా ఉన్న ఒక రోగి పసుపు ఉత్పత్తి మొదలుపెట్టిన కొన్ని వారాల్లోనే ఐఎన్ఆర్ 10 దాటింది. అది ఒక్కరి ఉదంతమే. అందరికీ అలాగే అవుతుందని చెప్పలేం. కానీ 10 దాటిన అంకె అంటే ఏ క్షణమైనా ప్రాణం మీదికి రావచ్చు. ఎవరికి అలా అవుతుందో ముందే తెలిసే వీలు లేనప్పుడు, అడగకుండా మొదలుపెట్టకపోవడమే తెలివి.

ఏది ఎంత తెలుసు

అన్ని మూలికలనూ ఒకే గాటన కట్టి భయపెట్టడం నాకు ఇష్టం లేదు. తెలిసింది తెలిసినట్టు చెప్పుకోవాలి.

అల్లం విషయమే తీసుకోండి. 2005లో సిడ్నీ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆరోగ్యవంతులైన 12 మంది మగవాళ్లకు అల్లం, గింకో అనే మూలిక విడివిడిగా ఇచ్చి, వాటితోపాటు వార్ఫరిన్ ఇచ్చి చూశారు. వార్ఫరిన్ పనిలో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. వెల్లుల్లికి ప్లేట్‌లెట్ల మీద కొంత ప్రభావం ఉంది. రక్తం పలచబరిచే మందు ఏదీ వాడకుండానే, రోజుకు నాలుగు రెబ్బల వెల్లుల్లి తినే 87 ఏళ్ల పెద్దాయనకు వెన్నెముక దగ్గర రక్తస్రావమైన సంగతి 1990లో వైద్య పత్రికకు ఎక్కింది. కూరలో, పచ్చడిలో వేసే అల్లం వెల్లుల్లి మానెయ్యమని దీని అర్థం కాదు. పరగడుపున గుప్పెడు వెల్లుల్లి మింగడం, గాఢమైన వెల్లుల్లి క్యాప్సూల్స్ వేసుకోవడం మాత్రం వేరే సంగతి.

మన హైదరాబాద్‌లోనే నిమ్స్ ఆసుపత్రి పరిశోధకులు 2014లో ఉసిరి సారం మీద ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. మధుమేహం ఉన్న కొద్దిమందికి ఉసిరి సారాన్ని విడిగానూ, క్లోపిడోగ్రెల్‌తోనూ, ఎకోస్ప్రిన్‌తోనూ ఇచ్చి చూశారు. ఉసిరి ఒక్కటే ఇచ్చినా ప్లేట్‌లెట్లు అతుక్కోవడం తగ్గింది. రక్తం ఆగడానికి పట్టే సమయం కాస్త పెరిగింది, కానీ మామూలు హద్దు దాటలేదు. నాకు ఈ పని చాలా నచ్చింది. మన మూలికను, మన రోగుల మీద, మన గోలీలతో కలిపి, కొలిచి చూసిన పని అది. ఇలాంటివి పది రావాలి, వంద రావాలి.

ఆకుకూరల దారి వేరు. పాలకూర, తోటకూర, మెంతికూర, మునగాకుల్లో విటమిన్ కె దండిగా ఉంటుంది. అది ఆసిట్రోమ్‌కు ఎదురు పనిచేసి ఐఎన్ఆర్‌ను తగ్గిస్తుంది. దీన్ని విని కొందరు ఆకుకూరే ముట్టడం మానేస్తారు. అది తప్పు. ఆకుకూర తినొచ్చు, తినాలి. ప్రతి వారం ఇంచుమించు ఒకే పాళ్లలో తినాలి. నెలంతా ముట్టకుండా ఉండి, మునగాకు మంచిదని ఎవరో చెప్పారని రోజూ గ్లాసెడు రసమో, రెండు చెంచాల పొడో మొదలుపెట్టడం వల్లే అంకె పడిపోతుంది.

మనసు కుంగుబాటుకు విదేశాల్లో విరివిగా అమ్మే సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక ఉంది. దాని మీద సాక్ష్యం గట్టిది. కాలేయం మందులను తొందరగా విరగ్గొట్టేలా చేసి వార్ఫరిన్‌నూ, కొత్త తరం గోలీలనూ నీరుగారుస్తుంది. పిల్లలు పంపే సీసాల మీద ఆ పేరుందేమో చూసుకోండి. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు తెచ్చే కలోంజీ నూనె, ఇంకా రకరకాల తైలాలు కూడా చీటీ మీదికి ఎక్కాల్సినవే. కొత్త తరం గోలీలు వాడేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. వాళ్లకు ఐఎన్ఆర్ లాంటి నెలవారీ పరీక్ష ఉండదు కాబట్టి, మూలిక వల్ల తేడా వచ్చినా ముందే పట్టిచ్చే అంకె ఏదీ లేదు.

కాలేయం చెడినా లెక్క తప్పుతుంది

గడ్డకట్టే ప్రొటీన్లు తయారయ్యేది కాలేయంలోనే, ఆసిట్రోమ్ విరిగేదీ అక్కడే. అందుకే కాలేయాన్ని తాకేది ఏదైనా ఈ గోలీలు వాడేవాళ్లకు రెండింతలు ముఖ్యం. కరోనా రోజుల్లో తిప్పతీగ కషాయం తాగని ఇల్లు లేదు. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలు వైద్య పత్రికలో ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు, తిప్పతీగను పోలిన వేరే తీగ అయ్యుండవచ్చని అంది. ఆ వాదన నిజమనుకున్నా రోగికి దక్కే పాఠం ఒకటే. తీగ ఏదో పోల్చుకోవడం చెయ్యి తిరిగినవాళ్ల పని, చూసినట్టే ఉందని కోసుకొచ్చి మరిగించుకోవద్దు.

మా జిల్లాలో ఇంకో మాట దాచకుండా చెప్పుకోవాలి. చెట్టు నుంచి దించిన కల్లు వేరు, మత్తుమందు కలిపిన కల్లు వేరు. కల్తీలో పట్టుబడే క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందు వార్ఫరిన్ ప్రభావాన్ని ఉన్నట్టుండి పెంచగలదని వైద్య గ్రంథాల్లో ఎప్పటి నుంచో ఉంది. కల్లు కూడా చెట్టుదే కదా అనుకొని గోలీ మీద తాగేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. తాగి తూలి పడి తలకు దెబ్బ తగిలితే ఈ మందులు వాడేవాళ్ల మెదడులో రక్తం ఆగదు.

గోలీ మానేసి కషాయం పట్టుకుంటే

రక్తస్రావం గురించి ఇంత చెప్పాను. దానికి ఎదురుగా ఉన్న ప్రమాదమే నన్ను ఎక్కువ భయపెడుతుంది. తెల్లమద్ది బెరడు గుండెకు మంచిదని మన పెద్దలు చెప్పారు, దాంతో చేసే అర్జునారిష్టం ఆయుర్వేదంలో పేరున్న మందు. దాని మీద పరిశోధనలూ జరుగుతున్నాయి. కానీ స్టెంటు లోపల గడ్డ కట్టకుండా క్లోపిడోగ్రెల్ చేసే పనిని, లోహపు కవాటం బిగుసుకుపోకుండా ఆసిట్రోమ్ చేసే పనిని తెల్లమద్ది చేస్తుందని ఎవరూ నిరూపించలేదు. “ఆరు నెలలు ఈ కషాయం తాగితే ఇంగ్లిష్ గోలీలన్నీ మానెయ్యొచ్చు” అని చెప్పేవాళ్లు మన అంగళ్లలోనూ, ఫోన్ తెరల మీదా తిరుగుతున్నారు. గుండె జబ్బు, షుగరు, పక్షవాతం నయం చేస్తామని మందులకు ప్రచారం చేయడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. తెలంగాణ ఔషధ నియంత్రణ సంస్థ అలాంటి లేబుళ్లున్న సరుకును దాడులు చేసి పట్టుకుంటూనే ఉంది. కవాటం ఉన్న మనిషి చెప్పాపెట్టకుండా గోలీ మానేస్తే కవాటం మీద గడ్డ కడుతుంది. అది ఊడి మెదడుకు పోతే పక్షవాతం, అక్కడే పెరిగితే ప్రాణాంతకం. స్టెంటు వేసిన కొత్తల్లో మానేస్తే గుండెపోటు.

గోలీ ఇష్టం లేకపోతే ఆ మాట డాక్టరుకు చెప్పండి. ఎందుకు ఇష్టం లేదో చెప్పండి. కడుపులో మంటా, ఖర్చా, విసుగా? ప్రతిదానికీ ఏదో ఒక దారి ఉంటుంది. చెప్పకుండా మానేస్తే మాత్రం దారి లేదు.

ఇంట్లో చేసుకోవాల్సిన పనులు

మీ ఇంట్లో రక్తం పలచబరిచే గోలీ వాడేవాళ్లు ఉంటే, ఈరోజే ఒక చేతి సంచి తీసుకొని వాళ్లు నోట్లో వేసుకునేవన్నీ అందులో వేయండి. గోలీలు, టానిక్కులు, పొడులు, పసర్లు, లేహ్యాలు, మాజూన్లు, పిల్లలు పంపిన సీసాలు, బీరువా మీద మిగిలిన నొప్పి మాత్రలు. ఈసారి డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ఆ సంచి బల్ల మీద పెట్టి, ప్రతిదాని పేరూ చీటీ మీద రాయించండి. వైద్యుడు అడగకపోయినా మీరే చెప్పండి. ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి, హకీం దగ్గరికి పోతే అదే చీటీ ముందు పెట్టి “ఆసిట్రోమ్ వాడుతున్నాను” అని మొదటి మాటగా చెప్పండి. చదువుకున్న ఆయుర్వేద వైద్యులకు ఈ సంగతి తెలుసు, వాళ్లు జాగ్రత్తగానే ఇస్తారు.

కొత్త మూలిక ఏదైనా డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టండి. మొదలుపెట్టిన వారం లోపల ఐఎన్ఆర్ చూపించుకోండి. ఆపేటప్పుడు కూడా చెప్పి ఆపండి, ఆపినా అంకె మారుతుంది. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే మూలికల సంగతి సర్జన్‌కు చెప్పండి. పన్ను తీయించుకునే ముందు దంత వైద్యుడికీ చెప్పండి. లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, అందులో ఏమేం ఉన్నాయో రాయని సరుకు ముట్టుకోకండి. నొప్పి ఉన్న చోట గట్టిగా మాలిష్ చేయించుకోవద్దు, లోపల రక్తం గూడు కడుతుంది. తుంటికి ఇంజెక్షన్ వేస్తానంటే రక్తం పలచబరిచే గోలీ వాడుతున్నానని ముందే చెప్పండి.

చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం ఆగకపోతే, దెబ్బ లేకుండా నీలం మచ్చలు లేస్తే, మూత్రం ఎర్రగా వస్తే, మలం నల్లగా జిగటగా వస్తే, నెలసరిలో మామూలు కంటే చాలా ఎక్కువ పోతే, తలకు దెబ్బ తగిలితే, ఎన్నడూ లేని తలనొప్పి వస్తే తెల్లారే దాకా ఆగకండి. అలాగే మాట తడబడినా, ఒక వైపు చెయ్యి కాలు పట్టు తప్పినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా 108కి ఫోన్ చేయండి. మందు వల్ల తేడా వచ్చిందని అనుమానం ఉంటే భారత ఔషధ భద్రతా కార్యక్రమం వారి ఉచిత నంబరు 1800-180-3024కు మామూలు జనం కూడా ఫోన్ చేసి చెప్పొచ్చు. ఆయుష్ మందుల తేడాలను నమోదు చేసేందుకు 2018 నుంచి వేరే వ్యవస్థ కూడా నడుస్తోంది. మనం చెబితేనే వాళ్ల దగ్గర లెక్క తయారవుతుంది, ఆ లెక్కే రేపు ఇంకొకరిని కాపాడుతుంది.

నిజామాబాద్ చెయ్యదగ్గ పని

పసుపు పండించే జిల్లాగా మన మీద ఒక బాధ్యత ఉంది. పసుపు మందుగా దేశదేశాలకు పోవాలని కోరుకుంటున్నాం. పోవాలి, మన రైతుకు మంచి ధర రావాలి. మందుగా పోయేదానికి మందుకు ఉండాల్సిన మర్యాదలు కూడా ఉండాలి. ప్రతి కర్క్యుమిన్ సీసా మీద, “రక్తం పలచబరిచే మందులు వాడేవారు డాక్టరును అడిగి వాడండి” అన్న ఒక్క వాక్యం పెద్ద అక్షరాల్లో, తెలుగులో, ఉర్దూలో, హిందీలో ఉండాలి. ఆ వాక్యం ముద్రించే అలవాటు పసుపు బోర్డు ఉన్న ఊరు నుంచే మొదలుకావాలని నా కోరిక. దాని వల్ల పసుపు విలువ తగ్గదు. కొనేవాడికి నమ్మకం పెరుగుతుంది.

నా తోటి మందుల దుకాణాల వాళ్లకు కూడా ఒక మాట. ఆసిట్రోమ్, ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ అమ్మే ప్రతిసారీ “కొత్త మందు వాడుతున్నారా?” అని మాత్రమే అడిగి ఊరుకోకండి. పసరు, పొడి, కషాయం, పసుపు సీసా అని ఒక్కోటీ పేరు పెట్టి అడగండి. వినే ఓపిక ఉందని తెలిస్తే జనం తప్పకుండా చెబుతారు. చెప్పినవాళ్లను వెక్కిరించకండి, కసురుకోకండి. ఒకసారి కసురుకుంటే ఇంకోసారి వాళ్లు దాచిపెడతారు, దాచిన మందును ఏ డాక్టరూ లెక్కలోకి తీసుకోలేడు.